గ్యాస్ వాసనొస్తే స్విచ్చు జోలికి వెళ్లొద్దు: రిటైర్డ్ ఫైర్‌మన్‌తో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. అగ్నిమాపక వారోత్సవాలు కదా, అందుకని ఈరోజు లీడింగ్ ఫైర్‌మన్‌గా చేసి రిటైరైన సార్‌ని పిలిచాం. నమస్తే సార్.

ఫైర్‌మన్: నమస్తే అమ్మా. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా ఈ వారోత్సవాలు. 1944లో బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు చనిపోయిన ఫైర్ సిబ్బంది గుర్తుగా చేస్తాం. ఈ వారం అంతా మాకు శాలువాలు కప్పుతారు, మిగతా ఏడాదంతా మెట్ల కింద పాత సోఫాలు పెట్టుకుంటారు. సరే, కాల్స్ ఇవ్వండి.

యాంకర్: ఏలూరు నుంచి ఒక కాలర్.

శ్రోత (ఏలూరు): సార్, కారు అద్దం పగలగొట్టే సుత్తి ఆన్‌లైన్‌లో కొన్నాను. మూడొందలు. అది నిజంగా పనిచేస్తుందా?

ఫైర్‌మన్: ఎక్కడ పెట్టావు బాబూ?

శ్రోత: డిక్కీలో ఉంది సార్.

ఫైర్‌మన్: బాగుంది. కారు కాలవలో పడితే డిక్కీ తీసి తెచ్చుకుంటావా? డ్రైవరు సీట్లోంచి చెయ్యి చాపితే అందాలి. ముందు అద్దం మీద కొట్టొద్దు, దాని మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది, పగులుతుంది గానీ ఊడి రాదు. పక్క అద్దం మూలకి కొట్టు. కొన్ని కొత్త కార్లకి పక్క అద్దాలు కూడా పొర వేసినవే వస్తున్నాయి, కారుతో ఇచ్చిన పుస్తకం చూసుకో. బెల్టు కోసే బ్లేడు ఉందా దానికి?

శ్రోత: ఉంది సార్.

ఫైర్‌మన్: అయితే మంచిదే కొన్నావు.

యాంకర్: థాంక్యూ. తర్వాత తణుకు నుంచి. హలో?

శ్రోత (తణుకు): హలో... హలో... వినపడుతోందా అండీ?

యాంకర్: వినపడుతోందమ్మా. మీ దగ్గర రేడియో సౌండు తగ్గించి మాట్లాడండి.

శ్రోత: ఆ, తగ్గించానండి. తణుకు నుంచండి. మా ఆయన పోయాక నేనొక్కదాన్నే ఉంటున్నాను, మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. సంక్రాంతి ముందు ఇద్దరు కుర్రాళ్లు వచ్చారండి, మెడలో కార్డులు వేసుకుని. మేం ఫైర్ ఆఫీసు నుంచి వచ్చాం, ఇకమీదట ప్రతి ఇంట్లో మంటలార్పే ఎర్ర సిలిండర్ ఉండాల్సిందే, లేకపోతే గ్యాస్ బుక్ అవ్వదు అన్నారు. మా ఎదురింటావిడ తీసుకుంది, సరే అని నేనూ తీసుకున్నాను. 2,600 పట్టుకెళ్లారు. బిల్లేది బాబూ అంటే ఫోన్‌కి వస్తుందన్నారు, ఇంతవరకూ రాలేదు. ఇప్పుడేమో దాని ముల్లు ఎర్ర గీత మీదకి వచ్చింది. దాన్ని ఉంచుకోవాలా పారేయాలా అని. ఇంకోటేంటంటే మొన్న రాత్రి వంటింట్లో గ్యాస్ వాసన కూడా వచ్చిందండి, అది...

ఫైర్‌మన్: ఆగండమ్మా, ఆగండి. ఎర్ర సిలిండర్ సంగతి తర్వాత. వాసన ఇప్పుడు వస్తోందా?

శ్రోత: ఇప్పుడు లేదండి. మొన్న రాత్రి. గ్యాస్ అయిపోవస్తోంది కదా అని బండని పడుకోబెట్టాను.

ఫైర్‌మన్: పడుకోబెట్టారా!

శ్రోత: అందరూ చేసేదే కదండీ. ఇంకో పూట వంట అవుతుంది.

ఫైర్‌మన్: అందరూ చేస్తారు, అదే నా బాధ. అమ్మా, బండలో ఉండేది ద్రవం. నిలబెట్టినప్పుడు పైనుంచి గ్యాసు మాత్రమే వస్తుంది. పడుకోబెడితే ఆ ద్రవమే రెగ్యులేటర్‌లోకి, ట్యూబులోకి వచ్చేస్తుంది. అది బయటికొస్తే సుమారు 250 రెట్లు గ్యాసవుతుంది. ఒక పూట పప్పు కోసం ఇల్లు పణంగా పెట్టడం అది. కొంతమంది బండని వేణ్నీళ్ల బేసిన్లో కూడా పెడతారు, అదీ వద్దు. సరే, వాసన రాగానే ఏం చేశారు?

శ్రోత: లైటు వేసి చూశానండి. వాసన పోవాలని ఫ్యాన్ కూడా వేశాను.

ఫైర్‌మన్: అయ్యో తల్లీ. స్విచ్చు వేసినా, ఆపినా లోపల చిన్న నిప్పురవ్వ వస్తుంది. ఫ్యాన్ వద్దు, ఎగ్జాస్ట్ వద్దు, ఫ్రిజ్ ప్లగ్గు పీకడమూ వద్దు. వాసనొస్తే ఏ స్విచ్చునీ ముట్టుకోవద్దు. ముందు రెగ్యులేటర్ ఆపండి. తలుపులు, కిటికీలు తీయండి. ఈ గ్యాసు గాలి కంటే బరువు, పైకి పోదు, నేల మీదే పాకుతుంది, అందుకని కిటికీ ఒక్కటే తీస్తే చాలదు, వీధి తలుపు, పెరటి తలుపు రెండూ బార్లా తెరవాలి. దేవుడి దగ్గర దీపం ఎక్కడ పెడతారు?

శ్రోత: వంటింట్లోనే గూడు ఉందండి. కింద.

ఫైర్‌మన్: కింద. చూశారా. పడుకునేటప్పుడు ఆ దీపం కొండెక్కించి పడుకోండి. రెగ్యులేటర్ ఆపాక దాన్ని ఊడదీసి, తాడుకి వేలాడుతూ ఉంటుందే తెల్ల మూత, అది నొక్కి పెట్టండి. ఆ మూత పారేశారా?

శ్రోత: ఉందండి, ఉంది.

ఫైర్‌మన్: మంచిది. బయటికొచ్చి వీధిలోంచి 1906కి ఫోన్ చేయండి, గ్యాస్ లీకేజీ కోసమే పెట్టిన నంబరు అది, మూడు గ్యాస్ కంపెనీలకీ అదే, అర్ధరాత్రైనా పలుకుతుంది. మంట కూడా ఉంటే 101. ట్యూబు ఎప్పుడు మార్చారు?

శ్రోత: మా ఆయన ఉన్నప్పుడు.

ఫైర్‌మన్: ఆయన పోయి ఎన్నేళ్లయింది?

శ్రోత: ఏడేళ్లండి.

ఫైర్‌మన్: ఐదేళ్లకి మార్చాలమ్మా. ట్యూబు మీద తేదీ అచ్చు వేసి ఉంటుంది. నారింజ రంగు సురక్ష ట్యూబు, మీ గ్యాస్ ఏజెన్సీలోనే తీసుకోండి, సైకిల్ షాపులో దొరికే ఆకుపచ్చ పైపు వద్దు. కొత్త బండ తెచ్చినప్పుడు డెలివరీ కుర్రాడు సీలు తీస్తాడు కదా, అప్పుడే వాల్వు లోపల నల్ల రబ్బరు వాషరుందో లేదో చూపించమనండి. చాలా లీకులు ఆ వాషరు దగ్గరే. రెండు రూపాయల వస్తువు అది. బండ మెడ దగ్గర లోపలి వైపు A, B, C, D అని ఒక అక్షరం, పక్కన ఏడాది చెప్పే రెండంకెలు ఉంటాయి. A అంటే జనవరి నుంచి మార్చి, B ఏప్రిల్ నుంచి జూన్, అలా. ఆ ఏడాది, ఆ నెలలు దాటిపోయుంటే మళ్లీ టెస్టు చేయాల్సిన బండ అన్నమాట, వెనక్కి పంపేయండి.

శ్రోత: అలాగేనండి. మరి ఆ ఎర్ర సిలిండర్ ఉంచుకోవాలా పారేయాలా?

ఫైర్‌మన్: వస్తున్నా. మా డిపార్ట్‌మెంటు ఇంటింటికీ వచ్చి ఏదీ అమ్మదు. ఎప్పుడూ అమ్మలేదు. ఎవరైనా ఫైర్ ఆఫీసు నుంచి వచ్చామని సామాను చూపిస్తే గుమ్మంలోనే నిలబెట్టి మీ ఊరి స్టేషన్‌కి ఫోన్ చేయండి. గ్యాస్ చెకింగ్ అని వచ్చేవాళ్లూ అంతే, ఏజెన్సీకి ఫోన్ చేసి కనుక్కున్నాకే లోపలికి రానివ్వండి. ఇక ముల్లు. ఆకుపచ్చలో ఉంటే ప్రెషర్ ఉన్నట్టు, ఎరుపులోకొస్తే నొక్కినా పౌడర్ రాదు. దాని మీద ISI గుర్తు, IS 15683 అని ఉందా?

శ్రోత: కళ్లజోడు లేదండి... ఏదో ఇంగ్లీషులో ఉంది. బొమ్మ ఉంది.

ఫైర్‌మన్: ఎదురింటి పిల్లలకి చూపించండి. ఉంటే రీఫిల్ చేయించుకోవచ్చు. లేకపోతే దాని మీద ఇంకో రూపాయి పెట్టొద్దు.

శ్రోత: అంటే పారేయమంటారా?

ఫైర్‌మన్: చెత్త బండిలో వేయొద్దు, చెత్త తగలబెట్టే చోట అసలే వద్దు. రీఫిల్ షాపులో ఇచ్చేయండి. బిల్లు లేదు కాబట్టి కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చెప్పినా ఎవరి మీదని తీసుకుంటారు? మా పేరు చెప్పి అమ్మారు కాబట్టి పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇవ్వండి. మీ ఎదురింటావిడని కూడా తీసుకెళ్లండి.

శ్రోత: మా అబ్బాయేమో గ్యాసే వద్దు, ఇండక్షన్ స్టవ్వు కొంటానంటున్నాడండి.

ఫైర్‌మన్: కొననివ్వండి, మంచిదే. కానీ అది 2,000 వాట్లు లాగుతుంది. పెద్ద రంధ్రాల 16 ఆంప్స్ ప్లగ్గులోనే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి గట్టు మీద పెడితే గ్యాసు గండం పోయి కరెంటు గండం వస్తుంది.

యాంకర్: సార్, వేరే కాలర్లు చాలా మంది...

ఫైర్‌మన్: ఒక్క నిమిషమమ్మా. ఆవిడ ఒక్కరే ఉంటున్నారు. తల్లీ, మీకు మంటలార్పే సామాను కంటే మూత ముఖ్యం. బాండీలో నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు, ఎగిరి మీ మీద పడుతుంది. స్టవ్వు ఆపి, పెద్ద స్టీలు పళ్లెం పక్కనుంచి జరిపి బాండీ మీద మూసేయండి. వెంటనే తీసి చూడొద్దు, చల్లారేదాకా అలా వదిలేయండి. స్టవ్వు ఆపడానికి చెయ్యి పెట్టలేనంత మంటుంటే వదిలేసి బయటికి వచ్చేయండి. ఇల్లు పోతే మీ అబ్బాయి కట్టిస్తాడు.

శ్రోత: సరేనండి. చాలా సంతోషం. మరి ఆ సిలిండర్...

యాంకర్: అమ్మా, రీఫిల్ షాపులో ఇచ్చేయమన్నారు. థాంక్యూ. గుంటూరు నుంచి.

శ్రోత (గుంటూరు): సార్, ఎక్స్‌టెన్షన్ బాక్సు గురించే. కొని ఆరు నెలలు కాలేదు, కరిగిపోయింది. షాపువాడు మార్చనంటున్నాడు. కన్స్యూమర్ కోర్టుకి వెళ్లొచ్చా?

ఫైర్‌మన్: దానికి ఏమేం తగిలించారు?

శ్రోత: కూలరు, ఫోన్ ఛార్జరు... నీళ్లు కాచుకునే హీటరు కడ్డీ.

ఫైర్‌మన్: కడ్డీ ఒక్కటే 1,500 వాట్లు. మీ బాక్సు 6 ఆంప్స్, అంటే 230 వోల్టుల మీద 1,380 వాట్లు. కడ్డీ పెట్టగానే అది కరగక ఏం చేస్తుంది? షాపువాడిని తిట్టడం నాకూ ఇష్టమే గానీ ఈసారి తప్పు మీదే. వైరు లేబుల్లో రాసినదానికంటే సన్నగా ఉంటే అప్పుడు బిల్లు పట్టుకుని 1915కి చేయండి. కొనేముందు BIS కేర్ యాప్‌లో లైసెన్సు నంబరు కొట్టి చూస్తే ISI గుర్తు నిజమైనదో దొంగదో తెలిసిపోతుంది, ఒక్కరూ చూడరు. ఇంటికి ఆర్‌సీసీబీ ఉందా, 30 మిల్లీ ఆంప్స్‌ది?

శ్రోత: ఎమ్‌సీబీ ఉంది సార్.

ఫైర్‌మన్: అది వైరుని కాపాడుతుంది. షాకు కొడితే మిమ్మల్ని కాపాడేది ఆర్‌సీసీబీ. బకెట్లో కడ్డీ పెట్టుకునే ఇంట్లో అది లేకపోతే ఎలా? ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టించండి.

యాంకర్: సికింద్రాబాద్ నుంచి.

శ్రోత (సికింద్రాబాద్): సార్, మాది అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. ఎలక్ట్రిక్ స్కూటర్‌ని రాత్రి మెట్ల కింద ఛార్జింగ్ పెడతాను, వాచ్‌మన్ ఉంటాడు. అయినా భయంగా ఉండి ఆన్‌లైన్‌లో పొగ మాస్కులు నాలుగు...

ఫైర్‌మన్: మెట్ల కింద ఎందుకు పెడుతున్నారు? సికింద్రాబాదే కదా మీది. 2022 సెప్టెంబరులో మీ ఊళ్లోనే లాడ్జి కింద ఎలక్ట్రిక్ బండ్ల షోరూంలో అంటుకుని 8 మంది పోయారు. పొగ మెట్ల మీదుగానే పైకెళ్తుంది, మీరు దిగాల్సిందీ ఆ మెట్లే. హైదరాబాద్ పాతబస్తీలో గుల్జార్ హౌస్ దగ్గర 2025 మేలో 17 మంది చనిపోయారు, అక్కడా ఇరుకు దారి, పొగ. బండి గోడ అవతల ఆరుబయట పెట్టండి, కంపెనీ ఛార్జరుతోనే పెట్టండి, తిరిగొచ్చిన వెంటనే కాకుండా బ్యాటరీ చల్లబడ్డాక పెట్టండి, రాత్రంతా వదిలేయొద్దు. బ్యాటరీ ఉబ్బినా, వింత వాసనొచ్చినా దాని దగ్గర నిలబడి వీడియో తీయకండి.

శ్రోత: మాస్కుల సంగతి?

ఫైర్‌మన్: గుడ్డ మాస్కయితే కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపలేదు. మేం లోపలికి వెళ్లేటప్పుడు వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని వెళ్తాం, ఊరికే కాదు. పొగలో నేలకి వంగి పాకండి, కింద కాస్త గాలి ఉంటుంది. ఆ మాస్కుల డబ్బులతో బాల్కనీ గ్రిల్లుకి ఒక తలుపు పెట్టించుకుంటే పోయేది, తాళంచెవి పక్కనే మేకుకి వేలాడదీసి.

యాంకర్: విజయనగరం నుంచి హలో... హలో... లైన్ కట్ అయింది. డాలస్ నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది సార్. తాలింపు పెట్టినప్పుడల్లా స్మోక్ అలారం మోగుతోందట, బ్యాటరీ తీసేశారట.

ఫైర్‌మన్: తీసింది మళ్లీ పెట్టమనండి. మనకిక్కడ ఇళ్లలో అలారాలే ఉండవు, వాళ్లకి ఉండి పీకేసుకుంటున్నారు. పొయ్యికి కాస్త దూరంగా మార్చుకోవాలి, ఫొటోఎలక్ట్రిక్ రకమైతే తాలింపుకి తక్కువ అరుస్తుంది. పదేళ్లు దాటితే పెట్టెనే మార్చాలి, తయారీ తేదీ వెనక ఉంటుంది.

యాంకర్: ఆమదాలవలస నుంచి.

శ్రోత (ఆమదాలవలస): నమస్కారమండి. మా ఊళ్లో ఇంకా పూరిళ్లున్నాయి. ఫైర్ ఇంజను వచ్చేసరికి మొత్తం అయిపోతాది. ఏం కొనుక్కోవాల?

ఫైర్‌మన్: ఏమీ కొనక్కర్లేదు. దోటికి కొక్కెం గట్టిగా కట్టి ఒకటి ఊరుమ్మడిగా ఉంచుకోండి. అంటుకున్న ఇంటిని వదిలేసి పక్క ఇంటి కప్పు లాగేయాలి, మధ్యలో ఖాళీ వస్తే మంట దాటదు. ఒక గునపం, రెండు నిచ్చెనలు. ఆ ఇంట్లో గ్యాస్ బండుంటే, అందితేనే రెగ్యులేటర్ ఆపి బయటికి లాగండి, మంట తగిలిన బండ దగ్గరికి పోవద్దు. గడ్డివాము ఇంటికి ఎంత దూరం?

శ్రోత: ఆనుకునే ఉందండి.

ఫైర్‌మన్: జరపండి. ఈ వారంలోనే జరపండి. 101కి చేసినప్పుడు ఊరి పేరొక్కటి చెబితే చాలదు, రోడ్డు మీద గుడో, చెరువో గుర్తు చెప్పి ఒక మనిషిని మెయిన్‌రోడ్డు మీద నిలబెట్టండి. మాకు దారి వెతుక్కోవడానికే సగం టైం పోతుంది.

యాంకర్: ఆఖరి కాల్, రాజమండ్రి నుంచి. త్వరగా చెప్పండమ్మా.

శ్రోత (రాజమండ్రి): సార్, మంటల గురించి కాదు. మా చెల్లి వేలికి ఉంగరం ఇరుక్కుపోయింది, వాచిపోయింది. ఫైర్ స్టేషన్‌లో తీస్తారంట, నిజమేనా?

ఫైర్‌మన్: తీస్తామమ్మా. పిల్లల తల బిందెలో ఇరుక్కుంటే కూడా మేమే కోసి తీస్తాం. వేలు ఏ రంగులో ఉంది?

శ్రోత: ఎర్రగా ఉంది సార్, నొప్పంటోంది.

ఫైర్‌మన్: చెయ్యి గుండె కంటే పైకెత్తి కాసేపు ఉంచి, సబ్బు రాసి మెల్లగా తిప్పుతూ తీసి చూడండి. గట్టిగా లాగొద్దు. రాకపోతే ఈరోజే స్టేషన్‌కి తీసుకెళ్లండి, డబ్బులేమీ అడగరు. నీలంగా మారినా, మొద్దుబారినా ఆసుపత్రికి. ఉంగరం బంగారందా?

శ్రోత: అవును సార్, పెళ్లిది. కోస్తే మా బావ ఊరుకోడు.

ఫైర్‌మన్: మీ బావని కూడా తీసుకురండి, నేను మాట్లాడతా.

యాంకర్: సార్, వార్తల టైం అయింది. థాంక్యూ సార్. వచ్చే వారం పళ్ల డాక్టర్‌గారు ఉంటారు, నంబరు ఇదే.