పన్నెండింటికి ఎవరు మేలుకొని ఉన్నారు?

(హనుమకొండలో గ్రంథాలయ వారోత్సవాల ముగింపు సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరసల్లోని పెద్దలకు, వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ విద్యార్థులకు నమస్కారం. అధ్యక్షుల వారు నన్ను పరిచయం చేస్తూ 'మీడియా రంగ నిపుణులు' అన్నారు. కాదు సార్. నేను కేబులాయన్ని. వరంగల్‌లో ఇరవై ఏళ్ళు నన్ను అందరూ అట్లనే పిలిచారు. "కేబులాయన వచ్చిండు, పైసలియ్యుండ్రి" అని ఇంట్లోకి కేకేసేవాళ్ళు. ఆ పేరే ఉండనియ్యండి.

నాకు ఇరవై నిమిషాలన్నారు. నా కంటే ముందు మాట్లాడిన ఇద్దరు పెద్దమనుషులు అందులో పది నిమిషాలు వాడేసుకున్నారు, పరవాలేదు. పిల్లలు చూడకూడనివి వేస్తున్నారని ఇద్దరూ టీవీనే తిట్టారు. పుస్తకాల మధ్య కూర్చొని టీవీని తిట్టకపోతే ఇంకెక్కడ తిడతారు? 1904లోనే రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టుకున్న ఊరు మనది. ఆ హక్కు మనకుంది, తిట్టండి. అయితే ఒక సారు చివర్లో ఒక మాటన్నారు. "ఇట్లాంటి కార్యక్రమాలు వేస్తే వేసుకోండి, పిల్లలు పడుకున్నాక రాత్రి పూట వేసుకోండి" అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లతో నేను రాసుకొచ్చిన కాగితం పనికి రాకుండా పోయింది. అది జేబులో పెట్టేస్తున్నా. ఆ మాట మీదనే మాట్లాడతా.

ఎందుకంటే ఆ పని నేను చేశాను సార్. ముప్పై ఏళ్ళ కింద.

ఇదిగో, ఈ రిజిస్టర్ చూడండి. అట్ట ఊడింది, చెదలు ఒక మూల తిన్నాయి. కేబుల్ టీవీల మీద మొదట 1994లో ఆర్డినెన్స్ వచ్చింది, 1995లో చట్టమైంది. దాంతో అప్పట్లో మేం హెడ్ పోస్టాఫీసుకు పోయి పేరు నమోదు చేయించుకోవాల్సి వచ్చేది, ఏటేటా రెన్యువల్ చేయించుకోవాల్సి వచ్చేది. కేబుల్‌కూ పోస్టాఫీసుకూ ఏం సంబంధమని నన్ను అడగకండి. కౌంటర్‌లో కూర్చున్నాయన కూడా నన్ను అదే అడిగాడు. ఆ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం నెలలో ఏమేం ప్రసారం చేశామో ఒక రిజిస్టర్‌లో రాయాలి, ఏడాది పాటు దాచాలి. నేను దగ్గర దగ్గర ముప్పై ఏళ్ళు దాచాను. ఎవరూ వచ్చి చూడలేదు. ఎవరూ చూడట్లేదని తెలిశాక, చివరి గడి ఖాళీగా ఉంటే అందులో జనం ఫిర్యాదులు రాసుకోవడం మొదలుపెట్టాను.

కంట్రోల్ రూమ్ అంటే పెద్దగా ఏం ఊహించుకోకండి. మేడ మీద రేకుల గది, నెత్తి మీద రెండు డిష్‌లు, లోపల ఒక టేబుల్ ఫ్యాను. ఆ ఫ్యాను మాకు కాదు, వీసీఆర్‌కు, అంటే క్యాసెట్ పెట్టి సినిమా ఆడించే డబ్బాకు. అది వేడెక్కితే బొమ్మ మీద గీతలు వచ్చేవి. అక్కడి నుంచి కరెంటు స్తంభాల మీదుగా వైర్లు గుంజి ఆరు వందల ఇళ్ళకు ఇచ్చాను. బయటి ఛానళ్ళు కాక మాదొక సొంత ఛానల్ ఉండేది. పొద్దున భక్తి పాటలు, మధ్యాహ్నం ఒక సినిమా, కింద చీరల దుకాణాల ప్రకటనలు, తప్పిపోయిన బర్రెల ప్రకటనలు. బర్రెలు చాలా దొరికాయి, ఆ పుణ్యం నాకుంది.

శనివారం రాత్రి పదింటికి ఇంకో సినిమా. ఇక్కడ ఆడవాళ్ళున్నారు, పిల్లలున్నారు, దాని గురించి వివరంగా చెప్పను. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన డబ్బింగ్ సరుకు. మంచి సినిమాలు కావు. సర్టిఫికెట్ ఉందో లేదో చూసుకోవాల్సిన బాధ్యత నాది, నేను చూడలేదు. ఆ సినిమాతోనే నాకు కొత్త కనెక్షన్లు వచ్చేవి, కాబట్టి వేశాను. ఇప్పుడు సాకులు చెప్పి లాభం లేదు.

1996లో ఒక ఆదివారం పొద్దున పెద్దమనుషులు పదిహేడు సంతకాలతో కాగితం పట్టుకొని మెట్లెక్కి వచ్చారు. కాపీ పోలీస్ స్టేషన్‌కు అని కింద రాసి ఉంది. నా కాళ్ళు వణికాయి. ఆ చట్టం కింద అప్పట్లో మొదటిసారి తప్పు చేస్తేనే రెండేళ్ళ దాకా జైలు వేయడానికి, సామాను పట్టుకుపోవడానికి వీలుండేది. కాగితంలో మొదటి సంతకం చూశాను. ఆయన అంతకు ముందు శనివారమే రాత్రి పదిన్నరకు నాకు ఫోన్ చేసి, "బొమ్మ సరిగ్గ వస్తలేదు, జర చూడు" అని చెప్పినాయన. నేనేమీ అనలేదు. ఆయనా ఏమీ అనలేదు. ఇద్దరం కాసేపు ఫ్యాను దిక్కు చూశాం.

అప్పుడు నాకు మహా తెలివి పుట్టింది. "సార్, పదింటికి కాదు, పన్నెండింటికి వేస్తా. అప్పటికి పిల్లలందరూ పడుకుంటారు" అన్నాను. అందరి మొహాలు విప్పారాయి. చాయ్ తెప్పిస్తే తాగి వెళ్ళారు. ఇదిగో ఇక్కడ రాసుకున్నా, చూడండి: 'ఫిర్యాదు పరిష్కారమైనది'. కింద రెండు గీతలు కూడా కొట్టాను, అంత సంబరం.

ఇది నా సొంత తెలివి అనుకున్నాను చాలా కాలం. తర్వాత తెలిసింది, లోకమంతా ఇదే చేస్తుందని. ఇంగ్లండ్‌లో రాత్రి తొమ్మిది దాటితేగానీ పెద్దల కార్యక్రమాలు వేయకూడదు. అమెరికాలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా కొంత వెసులుబాటు. మన దగ్గర 2010 నవంబర్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ హిందీ బిగ్ బాస్‌ను, రాఖీ కా ఇన్సాఫ్ అనే ఇంకో టీవీ షోను రాత్రి 11 నుంచి పొద్దున 5 లోపలే వేయాలని ఆదేశించింది. బిగ్ బాస్ వాళ్ళు బొంబాయి హైకోర్టుకు పోయి ఊరట తెచ్చుకున్నారు, తొమ్మిదింటికే వేసుకున్నారు. రెండోది పదకొండుకు జరిగింది. మా కార్యక్రమాల కోడ్‌లో, అంటే కేబుల్ రూల్స్‌లో ఆరో నంబరు రూల్లో, పిల్లలు ఎక్కువ మంది చూసే సమయంలో పిల్లలకు తగనివి వేయొద్దని ఉంది. ఆ సమయం ఏదన్నది గంటలు వేసి చెప్పలేదు. ఎవరి గడియారం వాళ్ళదే.

మా పెద్దోడు టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడికి పోయినప్పుడు వాడు చెప్పిన కేసొకటి నాకు బాగా నచ్చింది, చెప్పనివ్వండి. అక్కడ ఎన్‌వైపీడీ బ్లూ అని పోలీసు సీరియల్. 1993లో మొదలైనప్పుడే చాలా ఊళ్ళ స్టేషన్లు, మా జనం ఒప్పుకోరు, మేం వేయమన్నాయి. అక్కడ పెద్ద నెట్‌వర్క్ ఒకటి ఉంటుంది, ఊరూరా స్థానిక స్టేషన్లు వేరుగా ఉంటాయి, ఇష్టం లేకపోతే మానుకోవచ్చు. సరే, 2003లో ఒక ఎపిసోడ్‌లో ఒకామె బట్టలు లేకుండా కనబడింది. అదే ఎపిసోడ్ న్యూయార్క్‌లో రాత్రి పదింటికి వచ్చింది, దేశం నడిమి రాష్ట్రాల్లో తొమ్మిదింటికి వచ్చింది. అక్కడ పద్ధతే అంత, తూర్పున పదికి వచ్చేది నడుమ తొమ్మిదికి వస్తుంది. 2008లో అక్కడి ప్రభుత్వ కమిషన్ జరిమానా వేసింది, మొత్తం 12 లక్షల డాలర్ల పైమాటే. ఎవరికి? తొమ్మిదింటికి చూపిన నలభై చిల్లర స్టేషన్లకు. పదింటికి చూపినవాళ్ళకు ఏమీ లేదు! ఒకటే బొమ్మ, ఒకటే బట్టలు లేకపోవడం, గంట తేడా. చివరికి 2012లో వాళ్ళ సుప్రీంకోర్టు ఆ జరిమానా చెల్లదంది. ముందుగా సరిగ్గా చెప్పకుండా జరిమానా వేయడమేందని అన్నదట.

చీటీ వచ్చింది. 'సమయం' అని రాశారు. నేను మాట్లాడేది కూడా దాని గురించే సార్, ఇంకో ఐదు నిమిషాలు.

పన్నెండింటికి మార్చిన రెండో వారం. సోమవారం పొద్దున కరీమాబాద్ వైపు నుంచి ఒక అక్క వచ్చింది. నెల పైసలు తనే తెచ్చి కట్టేది, ఎప్పుడూ బాకీ పెట్టలేదు. అరవై రూపాయలు, అన్నీ ఐదు రూపాయల నోట్లు, తంబాకు వాసన. బీడీలు చేసేది. నోట్లు టేబుల్ మీద పెట్టింది గానీ చెయ్యి తీయలేదు.

"తమ్మీ, గా సిన్మా పదింటికే ఏసెటోనివి, పన్నెండుకు ఎందుకు జరిపినవ్?"

నాకు ఒళ్ళు మండింది. ఈమె కూడా ఆ సినిమా కోసమే వచ్చిందనుకున్నాను. నన్ను క్షమించాలి, అట్లనే అనుకున్నాను.

"పదింటికి అయితె టీవీ బంద్ చేసి అందరికి బువ్వ పెట్టెదాన్ని. పన్నెండుకు యాడ బంద్ చేస్త? వెయ్యి బీడీలు చెయ్యాల్నంటె ఒంటి గంటయితది. టీవీ లేకుంటె నిద్రొస్తది. పోరలు నా పక్కనే కూసోని ఆకు కత్తిరిస్తరు."

నేను మాట్లాడలేదు.

"మా ఆయన రెండో షిఫ్టు దిగి వచ్చేది గప్పుడే. ఆయనొస్తె పండుకున్న పోరలు గూడ లేస్తరు, అన్నం ముంగట పెట్టుకోని టీవీ దిక్కె చూస్తరు. మాకున్నదే ఒక్క అర్ర."

ఆమె మాటలు వింటుంటే నాకు ఆజంజాహి మిల్లు సైరన్ వినబడ్డట్టయింది. 1934లో వరంగల్‌లో పెట్టిన బట్టల మిల్లు అది. నేను పుట్టి పెరిగిందంతా ఆ సైరన్ కిందనే. మా నాయన కూడా షిఫ్టు దిగి అర్ధరాత్రి వచ్చేవాడు, నేను కూడా లేచి ఆయన పళ్ళెంలో తినేవాణ్ణి. అంత తెలిసిన నేను, పన్నెండింటికి పిల్లలందరూ పడుకుంటారని పదిహేడు మందికి చాయ్ తాపి మరీ చెప్పాను. ఎవరి పిల్లలు? రెండు బెడ్‌రూముల ఇల్లుండి, తొమ్మిదింటికి పాలు తాగి పడుకునే పిల్లలు. ఆ అర్జీ మీద సంతకాలు పెట్టినవాళ్ళ పిల్లలు. సిరిసిల్లలో రాత్రంతా సాంచాలు, అంటే మరమగ్గాలు నడుస్తాయి, ఆ ఇళ్ళలో పన్నెండు అంటే ఏందో అక్కడోళ్ళను అడగండి. కోరుట్లకు, మెట్‌పల్లికి పోయి బీడీలు చేసే ఆడవాళ్ళను అడగండి, మీ పిల్లలు ఎప్పుడు పడుకుంటారమ్మా అని.

సారు మీద నాకు కోపం లేదు. నేను చెప్పిన మాటే సారూ చెప్పారు. చప్పట్లు కొట్టిన మీరందరూ ఒక్కసారి చేతులెత్తండి, మీ ఇంట్లో టీవీ ఉన్న గదిలోనే పిల్లలు పడుకునేవాళ్ళు ఎంతమంది? వెనక విద్యార్థులు ఎత్తారు. ముందు వరసలో ఒక్క చెయ్యి లేవలేదు, చూశారా.

ఇప్పటి సంగతి తొందరగా చెప్పేస్తా. 2021లో రూల్స్ మార్చారు. ముందు ఛానల్‌కే ఫిర్యాదు చేయాలి, వాళ్ళు 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. నచ్చకపోతే ఛానళ్ళు పెట్టుకున్న సంఘానికి, ఆ పైన ప్రభుత్వానికి. మూడు మెట్లు. మంచిదే. నా రేకుల గదికి పదిహేను మెట్లుండేవి, కానీ ఎక్కితే మనిషి దొరికేవాడు. ఇప్పుడు సెట్‌టాప్ బాక్సులు వచ్చాయి, కేబులాయన చేతిలో ఏమీ లేదు, పైసలు వసూలు చేసే మనిషి అంతే. పదకొండు గంటల ప్రోగ్రాం ముక్కలు ఏడింటికే ప్రోమో అని వేస్తున్నారు. ఇక ఫోన్ల గురించి నేను మాట్లాడను, అది నా సబ్జెక్టు కాదు.

మళ్ళీ చీటీ. అయిపోయింది సార్, ఒక్కటే మిగిలింది.

ఆ శనివారం నుంచి సినిమా ఆపేశాను. పక్క వాడ ఆపరేటర్ నా కనెక్షన్లు నలభై దాకా లాక్కున్నాడు. ఏం చేస్తాం. తర్వాతి నెల పైసలు కట్టడానికి వచ్చినప్పుడు అక్క మెచ్చుకుంటుందనుకున్నాను. "ఆపినవ్, మంచిదే. మరి గా టైంకు ఏమేస్తవ్? ఉత్తగ కూసుంటె నిద్రొస్తాంది" అంది. ఇదెక్కడి గోల అనుకున్నా. కానీ ఆమె అడిగింది న్యాయమే.

సంక్రాంతికి ఐనవోలు జాతర. పెండ్లిళ్ళకు వీడియో తీసే కుర్రాణ్ణి వెంటబెట్టుకొని పోయి, అటు దగ్గర ఊళ్ళో రాత్రంతా ఒగ్గు కథ రికార్డు చేయించాను. మల్లన్న కథ. డోలు, తాళాలు, నెత్తిన బోనం, పసుపు బండారి. కెమెరా లైటుకు పురుగులు మూగి కథకుని మీద పడుతుంటే ఆయన వాటిని దులుపుకుంటూనే కథ నడిపాడు. శనివారం రాత్రి పదకొండుకు వేశాను. బీడీలు చేసే వాడలన్నీ చూశాయి. ఆ రాత్రి ఫోన్లు ఎత్తలేక చచ్చాను, "సౌండు పెంచు" అని. ఇంత గొప్ప పని చేసినందుకు ఎవరూ శాలువా కప్పలేదు, ఈ రోజు మీరే కప్పారు, అది కూడా నిపుణుడని పొరపాటు పడి.

అయితే ఒక తప్పు జరిగింది. కథ పొడుగు, రెండు క్యాసెట్లు పట్టింది. కొత్త క్యాసెట్ ఒక్కటే కొన్నాను, రెండోదానికి పాత శనివారం క్యాసెట్ మీదనే రికార్డు చేయించాను. వీసీఆర్ తెలిసినవాళ్ళకు అర్థమైపోయింది, నవ్వుతున్నారు. కథ అయిపోయింది, క్యాసెట్ అయిపోలేదు. మేడలమ్మతో పెండ్లి అయింది, కేతమ్మతో పెండ్లి అయింది, మంగళహారతి కూడా అయింది, ఒక్క క్షణం తెర మీద చుక్కలు వచ్చాయి, ఆ తర్వాత పాత సినిమా మొదలైంది. నడి మధ్యలో నుంచి. కంట్రోల్ రూమ్‌లో కూర్చోబెట్టిన పిల్లగాడు నిద్రపోయాడు. నేను ఇంటి నుంచి సైకిల్ మీద ఉరికి వచ్చి బంద్ చేసేసరికి పది నిమిషాలు దాటింది.

సోమవారం పొద్దున్నే మెట్ల మీద అడుగుల చప్పుడు. అక్క. పైసలు కట్టే రోజు కూడా కాదు. మొహంలో నవ్వు లేదు. నేను లేచి నిలబడ్డాను. ఆమె అన్నది ఈ గడిలో తారీఖు వేసి ఉన్నదున్నట్టు రాసుకున్నాను, చదువుతున్నా:

"ఏం తమ్మీ, మల్లన్న మూడో పెండ్లి ఎప్పుడు చేసుకున్నడు?"