ఊదారంగు మూత ట్యూబుని ఆ కార్డు దగ్గరికి రానీయొద్దు

(కావలిలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పిల్లల మీటింగులో మాట్లాడింది)

వేదిక మీదున్న పెద్దలకి నమస్కారం. పేర్లన్నీ ఇందాక మేడం చదివేసింది కాబట్టి నేను మళ్లీ చదవను, కరెంటు ఎప్పుడు పోద్దో తెలీదు, విషయంలోకి పోదాం. నాకిచ్చిన టాపిక్ టైమ్ రిజాల్వ్‌డ్ ఫ్లోరసెన్స్, అంటే ఫ్లాష్ కొట్టినాక కాసేపు ఆగి వెలుగుని లెక్కపెట్టే పద్ధతి.

మామూలు ఫ్లోరసెన్స్‌తో చిక్కేందంటే వెతికేదాన్ని పట్టిచ్చేదానికి మనం తగిలించిన వెలిగే గుర్తు, అదే లేబుల్, అదొక్కటే వెలగదు, రక్తంలో ఉండేవీ వెలుగుతాయి, ప్లాస్టిక్ ప్లేటూ వెలుగుద్ది. కాకపోతే ఆ పనికిరాని వెలుగంతా నానోసెకన్లలో ఆరిపోద్ది. మనం లేబుల్‌గా వాడే యూరోపియం అనే లోహం అట్టా కాదు, వందల మైక్రోసెకన్లు వెలుగుతానే ఉంటది. మన రంగనాథస్వామి గుళ్లో మేళం ఆగినాక కూడా గంట మోత చెవిలో పడతానే ఉంటది చూడండి, అట్టా. అందుకని మిషన్ 340 నానోమీటర్ల దగ్గర ఒక ఫ్లాష్ కొట్టి 400 మైక్రోసెకన్లు ఊరికే ఆగుద్ది, ఆ తర్వాత ఇంకో 400 మైక్రోసెకన్లు 615 దగ్గర వచ్చే ఎర్రవెలుగుని లెక్కపెడద్ది, మళ్లీ ఫ్లాష్, ఇట్టా సెకనుకి వెయ్యిసార్లు. 1980ల్లో ఫిన్లాండ్‌లో వాలక్ కంపెనీ వాళ్లు డెల్ఫియా అని తెచ్చింది ఇదే. అంతకుముందు లేబుల్‌గా రేడియోధార్మిక అయోడిన్ 125 పెట్టి చేసేవాళ్లు, రేడియేషన్ బాధ, పైగా 60 రోజులకి సగం పోద్ది.

మిగతాది మీ సార్లు చెప్తారు. నేను చెప్పాలని వచ్చింది పసిబిడ్డల కార్డు గురించి.

పుట్టుకతోనే థైరాయిడ్ పనిచెయ్యని బిడ్డలు మన దేశంలో దాదాపు వెయ్యిమందికి ఒకరుంటారు. పుట్టినప్పుడు చూస్తే ఏమీ తెలీదు. రెండు వారాల లోపల థైరాక్సిన్ మొదలుపెడితే అందరి పిల్లల్లాగే పెరుగుతారు, ఆలస్యమైతే బుద్ధి ఎదగదు. 48 గంటలు దాటినాక మడమ మీద గుచ్చి, చుక్కని ఫిల్టర్ పేపర్ కార్డు మీదకి తీసుకుని, ఎండ తగలకుండా ఆరబెట్టాలి. మేం దాంట్లో 3.2 మిల్లీమీటర్ల ముక్క కొట్టి టీఎస్‌హెచ్ చూస్తాం, అది థైరాయిడ్‌ని పనిచెయ్యమని తరిమే హార్మోను, థైరాయిడ్ పనిచెయ్యకపోతే బాగా పెరుగుద్ది.

ఒకసారి ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి కార్డు వచ్చింది. టీఎస్‌హెచ్ దాదాపు సున్నా. ఆ కాగితం మీద నార్మల్ అని రాసి పంపించెయ్యొచ్చు. కానీ అదే కార్డులో ఇంకో హార్మోను, అడ్రినల్ గ్రంథి జబ్బు కోసం చూసే 17 ఓహెచ్‌పీ, ఆకాశంలో ఉంది. ఒకటి అడుగున, ఒకటి పైన, రెండూ ఒకే బిడ్డకి ఎట్టా? టీఎస్‌హెచ్ శాండ్‌విచ్ టెస్టు, రెండు యాంటీబాడీల మధ్యన హార్మోను ఇరుక్కుంటది, ఎంత హార్మోనుంటే అంత లేబుల్, వెలుగు తగ్గితే విలువ తగ్గుద్ది. 17 ఓహెచ్‌పీ పోటీ టెస్టు, బిడ్డ హార్మోనూ లేబుల్ తగిలించిన హార్మోనూ ఒకే చోటుకి పోటీ పడతాయి, వెలుగు తగ్గితే విలువ పెరుగుద్ది. అంటే రెండింట్లోనూ వెలుగే పోయింది. యూరోపియంని ఎవరో ఎత్తుకుపోయారు, ఆ ఎత్తుకుపోయేది ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ!

ఫోన్ చేసి అడిగితే, బిడ్డని మళ్లీ గుచ్చడం ఎందుకని సీబీసీకి, అదే రక్తకణాల లెక్కకి, తీసిన ఊదా మూత ట్యూబులో మిగిలిన రక్తమే కార్డు మీద వేశామన్నారు. మంచి మనసుతోనే చేశారు, ఆ సిస్టర్ని నేనేమీ అనను. కానీ కొత్త కార్డు పంపండయ్యా అంటే ముందు మీ మిషన్ సర్వీస్ చేయించుకోండి అన్నాడు అక్కడి మేనేజరు, నాకు ఇప్పటికీ కడుపు మండుద్ది. అప్పటికే తల్లీబిడ్డా వింజమూరు పక్కన పుట్టింటికి పోయుండారు. ఆశా వర్కరమ్మ ఊళ్లో ఇల్లిల్లూ అడిగి పట్టుకుంది. కొత్త చుక్కలో టీఎస్‌హెచ్ వంద దాటింది. వంద! సున్నా అని వచ్చిన బిడ్డకి!

మాత్ర టయానికే పడింది. ఆ 17 ఓహెచ్‌పీ టెస్టు పక్కన లేకుండా ఉంటే ఏమై ఉండేదో మీరే ఆలోచించండి, చాలాచోట్ల టీఎస్‌హెచ్ ఒక్కటే చేస్తుండారు.

అబ్బయ్యలూ, అమ్మాయిలూ, మిషన్ ఎంత ఓపిగ్గా ఆగినా కార్డు మీద ఏం పడిందో దానికి తెలీదు. మడమ నుంచి నేరుగా చుక్క, అంతే. చుక్క మీద చుక్క వెయ్యొద్దు, మడమని గట్టిగా పిండొద్దు, తడి కార్డుని ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దు. ఊదా మూత వద్దే వద్దు. ఇదంతా తెలుగులో పెద్దక్షరాలతో ప్రింటు కొట్టిచ్చి తెచ్చాను, వాకిలి పక్కన బల్ల మీద ఉండాయి, తలా నాలుగు తీసుకుపోయి మీ ఊరి కాన్పుల వార్డు సిస్టర్ చేతికియ్యండి.