రాత్రి వలస వచ్చే పక్షులకు మన దీపాలే అడ్డం

నమస్కారం. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు గూళ్లు కడితే ఊరంతా వాటిని పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటుంది. అవి రావడం ఆలస్యమైతే పంటలకు మంచిది కాదని పెద్దల నమ్మకం. ఇచ్ఛాపురం వైపు తేలుకుంచిలో కొంగలకూ ఇదే ఆదరణ. ఈ పెద్ద పక్షులు ఎండకు వేడెక్కి పైకి లేచే గాలి మీద తేలుతూ పగలే ప్రయాణిస్తాయి. అందుకే మన కంటపడతాయి.

మరి కంటపడని వాటి సంగతి? చలికాలం నౌపడ ఉప్పు మడుల దగ్గర కాసేపు నిలబడండి. ఉల్లంకి పిట్టలు బురదలో ముక్కు దించి, రెండడుగులు పరుగెత్తి, మళ్లీ దించుతుంటాయి. చాలావాటిది పిడికిట్లో పట్టేంత ఒళ్లు. ఉత్తరాసియా నుంచి వచ్చే ఇలాంటి చిన్న పక్షులు ఎక్కువగా రాత్రిపూటే ఎగురుతాయి. అప్పుడు గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది, డేగల భయం తక్కువ. నక్షత్రాలు, భూమి అయస్కాంత క్షేత్రం వాటికి దారి చూపుతాయి.

తుఫాను మేఘాన్ని పట్టే రాడార్ పక్షుల గుంపునూ పట్టగలదు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వారి బర్డ్‌కాస్ట్ అనే ప్రాజెక్టు ఆ సమాచారంతోనే ఏ రాత్రి వలస జోరుగా ఉంటుందో ముందే చెబుతోంది. మన విశాఖ కైలాసగిరి మీద కూడా తుఫానులను గమనించే డాప్లర్ రాడార్ ఉంది. దాన్ని ఈ పనికీ వాడాలని నా గట్టి కోరిక.

ఇక వెలుగు సంగతి. న్యూయార్క్‌లో సెప్టెంబరు 11 దాడుల మృతుల స్మారకంగా ఏటా ఆకాశంలోకి రెండు కాంతి స్తంభాలు వేస్తారు. 7 సంవత్సరాల్లో 7 రాత్రులు గమనిస్తే దాదాపు 11 లక్షల పక్షులు ఆ వెలుగు ప్రభావానికి లోనయ్యాయని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అరుస్తూ, ఆ వెలుగు చుట్టూనే సుళ్లు తిరిగాయి. దీపాలు ఆర్పిన కొద్ది నిమిషాలకే చెదిరి తమ దారిన వెళ్లిపోయాయి. నాకు ధైర్యమిచ్చేది ఆ కొద్ది నిమిషాలే. చెరువులో కలిసిన విషం విరగడానికి ఏళ్లు పడుతుంది, ఇక్కడ స్విచ్ చాలు.

వీధిదీపాలు తీసేయమని అనను. ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలకు వెలుగు ఉండాల్సిందే. ఆ దీపానికి పైన మూత వేసి, కాంతి నేల మీదే పడేలా తిప్పి, తెల్లటి బల్బు బదులు పసుపు రంగుది పెడితే చాలు. జాతర ముగిశాక కూడా తెల్లవార్లూ ఆకాశంలోకి కొట్టే ఫ్లడ్ లైట్లు మాత్రం ఆర్పాలి, ముఖ్యంగా పక్షులు వచ్చే సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, మళ్లీ అవి తిరిగి వెళ్లే మార్చి, ఏప్రిల్ నెలల్లో. ఎత్తైన టవర్ల మీద ఆగకుండా వెలిగే ఎర్రదీపం కన్నా ఆరి వెలిగేదే పక్షులకు మేలు.

శ్రీకాకుళం జిల్లాలో చెరువు వైపో సముద్రం వైపో తిరిగి రాత్రంతా వెలిగే లైటు మీ ఊళ్లో ఉంటే, ఫోటో తీసి ముందు పంచాయతీలో చూపించండి. వాళ్లేమన్నారో ఈ వీడియో కింద రాయండి.