కోపమొచ్చిన పిల్లి, ఆగిపోయిన పొట్ట

శ్రోతలకు నమస్కారం.

పరీక్ష హాల్లోకి అడుగు పెట్టబోతుంటే బాత్రూమ్ గుర్తొస్తుంది. ఇంట్లో మాటా మాటా పెరిగిన రోజు ముద్ద గొంతు దిగదు. బలవంతాన దింపినా రాత్రిదాకా కడుపులో రాయి పెట్టినట్టే ఉంటుంది. "నీ భ్రమ, ఏం లేదులే" అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. భ్రమ కాదని ఒక పిల్లి నూరేళ్ల కిందటే తేల్చేసింది. ఉన్న కాస్త సమయంలో ఆ పిల్లి సంగతే చెబుతాను.

1896 చివర్లో మాట. ఎక్స్‌రేలు కనిపెట్టి ఏడాది దాటిందంతే. అమెరికాలోని హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే కుర్రాడు వైద్యం మొదటి ఏడాది చదువుతున్నాడు. ఈ కొత్త కిరణాలతో, బతికున్న జంతువు కడుపులో తిండి ఎలా కదులుతుందో చూడాలని మొదలుపెట్టాడు. తిండి ఒక్కటే అయితే ఎక్స్‌రేలో సరిగా కనబడదు. అందుకని ఎక్స్‌రేలను అడ్డుకునే బిస్మత్ అనే పొడిని అందులో కలిపి పిల్లికి పెట్టేవాడు. అప్పుడు పొట్ట తెరమీద నల్లటి నీడలా కనిపించేది. దాని అంచున అలలు. ఒకదాని వెనక ఒకటి, తిండిని నలుపుతూ, కిందికి నెడుతూ. మన పొట్టలోనూ నిమిషానికి మూడేసి చొప్పున ఇలాంటి అలలే వస్తాయి.

ఒకసారి అప్పటిదాకా కుదురుగా పడుకున్న పిల్లికి ఉన్నట్టుండి చిరాకెత్తింది. ఊపిరి వేగమైంది, విడిపించుకోవాలని గింజుకుంది. తెరమీద అలలు ఆగిపోయాయి. తగ్గడం కాదు, పూర్తిగా ఆగిపోయాయి! కానన్ కంగారు పడకుండా దాని ఒళ్లు నిమిరాడు. కాసేపటికి అది నెమ్మదించి గుర్రుగుర్రుమంది. అంతే, అలలు మళ్లీ మొదలు. నిజం చెప్పొద్దూ, ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ నిమరడమే. మందు లేదు, మాత్ర లేదు.

ప్రమాదం ముంచుకొచ్చిందని మెదడు అనుకుంటే రక్తాన్ని కండరాలవైపు మళ్లిస్తుంది. అరుగుదల సంగతి తర్వాత చూద్దాం అంటుంది. ఎదురుగా ఉన్నది పులా, పై అధికారా అని అప్పుడు ఆరా తీయదు. తమాషా ఏమిటంటే, పైన పొట్ట నెమ్మదిస్తే, కింద పెద్దపేగు మాత్రం వేగం పుంజుకుంటుంది. అందుకే ఒకే మనిషికి ఒకే గంటలో ఆకలీ చచ్చిపోతుంది, విరేచనమూ తోసుకొస్తుంది.

అలాగని కడుపులో ఏమొచ్చినా టెన్షన్ మీదకు తోసేయకండి. అల్సర్లకు టెన్షనే కారణమని డాక్టర్లు కూడా చాలాకాలం నమ్మారు. 1980లలో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు చూస్తే, చాలా అల్సర్ల వెనక ఉన్నది ఒక బ్యాక్టీరియా. దానికి 2005లో నోబెల్ కూడా ఇచ్చారు. మలంలో రక్తం పడినా, మలం తారులా నల్లగా వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, మింగడం కష్టమైనా, "అంతా టెన్షనే" అని ఎవరన్నా వినకండి. డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇక నేను అడిగేది ఒక్కటే. కోపంలో తినకండి. దిగులులో తినకండి. తిట్టిన ఫోను పెట్టేసి అదే ఊపులో పళ్లెం ముందు కూర్చోకండి. పది నిమిషాలు ఆగండి. భోజనం ఎక్కడికీ పోదు. ఈలోగా ఊపిరి మామూలుగా తీసుకుని, వదిలేటప్పుడు మాత్రం అంతకు రెట్టింపు సేపు వదలండి. ఇలా వదిలినప్పుడల్లా గుండె వేగం కాస్త తగ్గుతుంది, దాన్ని తగ్గించే వేగస్ నరమే పొట్టను కూడా పనిలోకి దింపుతుంది. ఆకలి తెలిశాకే మొదటి ముద్ద పెట్టుకోండి. తెలియకపోతే ఆ పూట సగమే తినండి, మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

సెలవు.