కార్డు తెరుచుకోకపోతే ఫొటోలు పోయినట్టు కాదు

అందరికీ నమస్కారం. విజయనగరం సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల కూడలి దగ్గర కెమెరా పట్టుకుని నిలబడ్డవాళ్ళు ఈ హాల్లో చాలామందే ఉంటారు. పూజారి కూర్చునే పొడవాటి మాను, అదే సిరిమాను, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళి వస్తుంది. ఆ కాసేపట్లో తీసినవే ఫొటోలు, తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి.

ఒక ఏడు మా బావ అలా తీసిన ఫొటోలన్నీ 64 జీబీ కార్డులో ఉన్నాయి. రాత్రి నా పాత లాప్‌టాప్‌కి కార్డు రీడర్ తగిలించాడు. అందులో ఉన్నది ఉబుంటు 18.04, అంటే 2018 నాటి లినక్స్ సిస్టమ్. కార్డు తెరుచుకోలేదు. "పోయాయిరా, అన్నీ పోయాయి" అని కూలబడ్డాడు. ఫార్మాట్ కొట్టి చూడమని ఎవరో సలహా ఇచ్చారు. ఫార్మాట్ అంటే కార్డును ఖాళీ చేయడమే, ఆ మాట మాత్రం ఎప్పుడూ వినకండి.

లినక్స్‌లో పని ఎక్కడ ఆగిందో సిస్టమే చెబుతుంది, మనం అడగాలంతే. ముందు రీడర్ కనబడిందా? బయట తగిలించే రీడరైతే, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (lsusb) అని కొట్టండి. లాప్‌టాప్ లోపలిదైతే చాలాసార్లు అక్కడ కనబడదు, ఎల్‌ఎస్‌పీసీఐ (lspci) కొట్టి వెతకాలి. తర్వాత, కార్డు కనబడిందా? ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk) కొడితే బయటి రీడర్‌లోని కార్డు ఎస్‌డీబీ (sdb) లాంటి పేరుతో వస్తుంది, లోపలి రీడర్‌లోది సాధారణంగా ఎంఎంసీబీఎల్‌కే0 (mmcblk0) అని వస్తుంది. ఈ రెండో పేరు తెలియక కార్డు ఎదురుగా ఉన్నా లేదనుకునేవాళ్ళను నేను చూశాను. పేరు ఉండి సైజు సున్నా చూపిస్తే రీడర్ పనిచేస్తోంది, కార్డు అందలేదని అర్థం. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టండి. రీడర్ మరీ పాతదైతే పెద్ద కార్డులను అసలు చదవలేకపోవచ్చు.

బావ కార్డు ఈ రెండూ దాటింది. సైజు సరిగ్గానే చూపించింది. మౌంట్ చేయబోతే, అంటే తెరవబోతే, 'ఎక్స్‌ఫ్యాట్' అనే ఫైల్‌సిస్టమ్, అంటే కార్డులో ఫైళ్ళు సర్దే పద్ధతి, నాకు తెలియదంది లాప్‌టాప్. 32 జీబీ వరకు ఎస్‌డీ కార్డులు మామూలుగా ఫ్యాట్32తో వస్తాయి, అంతకు మించినవి ఎక్స్‌ఫ్యాట్‌తో. అది మైక్రోసాఫ్ట్ సొంత పద్ధతి, పేటెంట్ల చిక్కు ఉండేది. 2019 ఆగస్టులో వాళ్ళు దాని వివరాలు బయటపెట్టారు. 2020లో వచ్చిన 5.7 కెర్నల్‌లో, అంటే లినక్స్ మూల ప్రోగ్రామ్‌లో, దాన్ని చదవడానికి శామ్‌సంగ్ ఇంజనీర్లు రాసిన డ్రైవర్ చేరింది. అంతకుముందు సిస్టమ్‌లలో ఎక్స్‌ఫ్యాట్-ఫ్యూజ్ (exfat-fuse) అనే ప్యాకేజీ మనమే వేసుకోవాలి. అంటే కార్డులో తప్పేమీ లేదు. ఆ భాష చదవడం నా లాప్‌టాప్‌కి రాలేదు, అంతే. దీనికి ఫార్మాట్ కొట్టి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటే భయమేస్తుంది.

ఫోన్‌లో నెట్ ఆన్ చేసి ఆ ప్యాకేజీ వేశాను. కార్డు తీసి మళ్ళీ పెట్టగానే ఫోల్డర్ తెరుచుకుంది. మొదటి ఫొటోలో సిరిమాను చివర పూజారి, కింద ఇసుక వేస్తే రాలనంత జనం. అన్నీ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ అయ్యేదాకా బావ అన్నం ముట్టలేదు.