నడికట్టుతో కట్టిన కోట

శ్రోతలకు నమస్కారం.

ప్రాచీన చైనా తాత్త్వికులలో కన్ఫ్యూషియస్ పేరు మనందరికీ తెలుసు. ఆయన తరువాత, క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో, అక్కడి రాజ్యాలన్నీ ఒకదాని మీద ఒకటి దండెత్తుతున్న కాలంలో మోజీ అనే ఆలోచనాపరుడు ఉండేవాడు. చైనా 2016లో ప్రయోగించిన క్వాంటం ఉపగ్రహానికి ఆయన పేరే పెట్టారు. రోజూ యుద్ధవార్తలు వింటున్న మనం ఆయన మాట కూడా వినాలని నా కోరిక.

ఆయన శిష్యపరంపర భద్రపరిచిన కథ ఒకటి ఉంది. చూ అనే పెద్ద రాజ్యం సోంగ్ అనే చిన్న రాజ్యం మీద దాడికి సిద్ధమైంది. కోటగోడలు ఎక్కే నిచ్చెనలు తయారుచేసింది గోంగ్‌షు బాన్. చైనా వడ్రంగులు తమ వృత్తికి ఆదిగురువుగా కొలిచేది ఆయననే. సంగతి తెలిసిన మోజీ పది పగళ్లూ పది రాత్రులూ నడిచి చూ రాజధాని చేరాడు. ఉత్తరాన ఒకడు నన్ను అవమానించాడు, వాడిని చంపిపెట్టండి, బంగారం ఇస్తానని ఆ శిల్పిని అడిగాడు. నా ధర్మం మనిషిని చంపనివ్వదని శిల్పి కోపగించుకున్నాడు. మోజీ లేచి రెండుసార్లు నమస్కరించాడు. ఒక్కడిని చంపడానికి ఒప్పుకోని మీ ధర్మం, ఏ తప్పూ చేయని సోంగ్ ప్రజలను ఎందరినో చంపడానికి ఎలా ఒప్పుకుంటున్నదని నిలదీశాడు.

శిల్పి దగ్గర జవాబు లేదు. రాజు కూడా మోజీ మాట బాగుందనే అన్నాడు. అయితే నిచ్చెనలు తయారైపోయాయి గనుక సోంగ్‌ను పట్టుకుని తీరాలన్నాడు! ఆయుధం సిద్ధమైంది కాబట్టి వాడాలి అనే ఈ తర్కం విన్నప్పుడల్లా నాకు భయం వేస్తుంది. ఇన్ని శతాబ్దాలైనా అది పాతబడలేదు.

అప్పుడు మోజీ నడికట్టు విప్పి కోటగోడగా పరిచాడు. చిన్న చెక్కముక్కలు యంత్రాలయ్యాయి. శిల్పి తొమ్మిది రకాలుగా దాడి చేస్తే తొమ్మిదింటినీ తిప్పికొట్టాడు. ఎత్తులన్నీ అయిపోయాక శిల్పి, మిమ్మల్ని ఓడించే ఉపాయం తెలుసు గాని చెప్పనన్నాడు. నన్ను చంపడమే ఆ ఉపాయమని మోజీ రాజుకు విప్పి చెప్పాడు. చంపినా ప్రయోజనం లేదని, తన శిష్యులు మూడు వందల మంది రక్షణ పరికరాలతో అప్పటికే సోంగ్ గోడల మీద కాచుకుని ఉన్నారని కూడా చెప్పాడు. రాజు దాడి మానుకున్నాడు.

శాంతి కోరేవాడు చేతులు కట్టుకుని కూర్చోవాలని మోజీ ఎన్నడూ అనలేదు. ఆయన పేరిట ఉన్న గ్రంథంలో దండయాత్రను ఖండించే అధ్యాయాలూ ఉన్నాయి, కోటను కాపాడుకునే పద్ధతులూ ఉన్నాయి. శత్రువు సొరంగం తవ్వుతుంటే, పెద్ద జాడీల మూతులకు పలుచని తోలు బిగించి భూమిలో దించి, చెవులు చురుకైనవారిని వాటికి చెవి ఆనించి వినమని చప్పుడు పసిగట్టాలట.

పళ్లు దొంగిలించినవాడిని లోకం తిడుతుంది, పశువులను తోలుకుపోయినవాడిని ఇంకా తిడుతుంది, మరి రాజ్యాన్నే కాజేసినవాడిని ఎందుకు పొగుడుతుందని మోజీ అడిగాడు. వసంతంలో దండెత్తితే దుక్కులు పోతాయి, శరత్తులో దండెత్తితే కోతలు పోతాయని లెక్క కూడా చెప్పాడు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి దాడికి దిగినప్పుడు జరిగింది అదే. నల్లసముద్రపు రేవులలో ధాన్యం ఓడలు నిలిచిపోయాయి. మన వంటిళ్లలో పొద్దుతిరుగుడు నూనె ధర పెరిగింది. అక్కడ వైద్యం చదువుతున్న తెలుగు విద్యార్థులు చదువు మధ్యలో వదిలి, సరిహద్దులు దాటి ఇళ్లకు చేరారు.

సోంగ్ రాజ్యం చివరికి క్రీస్తుపూర్వం 286లో చీ రాజ్యం చేతిలో అంతరించింది. అలాంటప్పుడు మోజీ సాధించిందేమిటని అడిగేవారు ఉంటారు. ఆగిన ఒక్క దాడికి విలువ లేదంటే నేను ఒప్పుకోను. ధాన్యం ఓడలను కదిలించడానికి 2022 జులైలో ఇస్తాంబుల్‌లో కుదిరిన ఒప్పందమూ ఏడాదికే ముగిసిపోయింది. యుద్ధం ఆగలేదు. అయినా ఆ ఏడాదిలో దాదాపు 3 కోట్ల 30 లక్షల టన్నుల ఆహారం ఆ రేవులు దాటి ప్రపంచానికి చేరింది.

నమస్కారం.