ఫుషిమి ఇనారి: ఫొటో దగ్గర ఆగిపోకుండా కొండ పైదాకా

[దృశ్యం: తెల్లవారుజాము. సింధూరం రంగు కమానుల వరుస. మనిషన్నవాడు లేడు.]

క్యోటో వెళ్ళొచ్చిన ప్రతివాళ్ళ ఫోన్‌లోనూ ఈ ఫొటో ఉంటుంది. ఇది తీసుకునే చోటు ఫుషిమి ఇనారి క్షేత్రంలో, కొండ కిందే, ప్రధాన మందిరం వెనకాలే. ఎక్కువమంది ఇక్కడ సెల్ఫీ దిగి వెనక్కి తిరిగిపోతారు. అసలు కొండ మొదలయ్యేది ఆ తర్వాతే. ఎత్తు 233 మీటర్లు, మొత్తం చుట్టు సుమారు 4 కిలోమీటర్లు. ఆగుతూ ఎక్కితే రెండు నుంచి మూడు గంటలు పడుతుంది. అలిపిరి మెట్లెక్కినవాళ్ళకు ఇది లెక్కలోది కాదు.

[దృశ్యం: క్యోటో స్టేషన్, నారా లైను బోర్డు.]

జేఆర్ (జపాన్ రైల్వే) నారా లైనులో క్యోటో నుంచి రెండో స్టేషన్ ఇనారి. ప్రయాణం ఐదు నిమిషాలే. పొరపాటు జరిగేది ఇక్కడే: అదే లైనులో నడిచే మియకోజి ర్యాపిడ్ ఇనారిలో ఆగదు. లోకల్ అని చూసుకుని ఎక్కండి. స్టేషన్ బయటికి వస్తే ఎదురుగానే పెద్ద తొరీ, అంటే జపాన్ సంప్రదాయ మతమైన షింతో క్షేత్రాల ముందుండే కమాను.

టికెట్ లేదు. గేటు మూసే వేళ కూడా లేదు, 24 గంటలూ తెరిచే ఉంటుంది. కాబట్టి ఉదయం ఏడుకు ముందే చేరండి. తొమ్మిది దాటాక సెంబొన్ తొరీలో, అంటే ఫొటోలోని ఆ కమానుల వరుసలో, నడక ఉండదు, క్యూ ఉంటుంది. కొత్త సంవత్సరం మొదటి మూడు రోజులైతే వెళ్ళకపోవడమే మంచిది.

[దృశ్యం: రోమోన్ ద్వారం, రెండు వైపులా నక్కల విగ్రహాలు.]

ఈ రోమోన్ ద్వారాన్ని 1589లో అప్పటి జపాన్ పాలకుడు తొయొతొమి హిదెయోషి కట్టించాడు. క్షేత్రం మాత్రం దానికన్నా చాలా పాతది, 711లో హతా వంశం వాళ్ళు స్థాపించారని చెబుతారు. ఆ వంశంలో ఒకాయన దంచిన అన్నం ముద్ద మోచిని గురిగా పెట్టి బాణం వేస్తే, అది తెల్ల పక్షై ఎగిరి శిఖరం మీద వాలిందట. వాలిన చోట వరి మొలిచిందట. ఇనారి అంటే మొదట ధాన్యం దేవత. వ్యాపారం కలిసి రావాలని మొక్కుకోవడం తర్వాత వచ్చింది.

ఇంకోమాట. నక్క దేవుడు కాదు, దేవుడి దూత. దాని నోట్లో ఏముందో చూడండి. ఒకదానికి వరి కంకి, ఒకదానికి ధాన్యపు కొట్టు తాళంచెవి, మరొకదానికి మణి, ఇంకోదానికి చుట్టిన పత్రం.

మనవాళ్ళకు వచ్చే మొదటి సందేహం చెప్పుల గురించి. విప్పక్కర్లేదు, కొండంతా బూట్లతోనే తిరగాలి. లోపల కూర్చోబెట్టి పూజ చేయించే హాల్లోకి వెళ్తేనే విప్పడం. దండం పెట్టే పద్ధతి ఇది: హుండీలో నాణెం వేసి, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మొక్కుకుని, మళ్ళీ ఒకసారి వంగాలి. ఐదు యెన్ల నాణేన్ని జపనీస్‌లో గోఎన్ అంటారు. బంధం అనే మాట కూడా అలాగే పలుకుతుంది, అందుకే ఆ నాణేనికి గిరాకీ. చిల్లర ముందే మార్చుకోండి.

[దృశ్యం: ఒక తొరీ స్తంభం, చాలా దగ్గరగా.]

ఈ స్తంభం చూడండి. చెక్కది. మొదలు నల్లగా, పైన సింధూరం రంగు. పాతకాలంలో ఈ రంగులో ఇంగిలీకం కలిపేవారు, చెక్కకు పుచ్చు పట్టకుండా. అయినా నేలను తాకే చోట తేమ పట్టి కుళ్ళుతుంది. కొన్నింటి దగ్గర మొదలు మెత్తబడి, రంగు పెచ్చులూడి కనిపిస్తుంది. అలాంటివి తీసేసి కొత్తవి నిలబెడతారు. అందుకే కొండ మీద ఏదో ఒక చోట పని నడుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు వెనక్కి తిరగండి. ఎక్కేటప్పుడు ఖాళీగా కనిపించిన స్తంభాల మీద, వెనక వైపంతా నల్లని అక్షరాలు: సమర్పించినవాళ్ళ పేరు, తేదీ. కంపెనీల పేర్లే ఎక్కువ. జపనీస్‌లో తోరు అంటే దాటి వెళ్ళడం, కోరిక నెరవేరడాన్నీ అలాగే అంటారు. ఆ శ్లేషతోనే ఎదో యుగం (1603–1868) నుంచి తొరీలు ఇవ్వడం అలవాటైంది. కొండంతా కలిపి సుమారు పదివేలు.

[దృశ్యం: ఒకుషా, రెండు రాతి దీపస్తంభాలు.]

సెంబొన్ తొరీ రెండు వరుసలుగా చీలుతుంది, రెండూ చేరేది ఒకుషా అనే లోపలి మందిరానికే. వెనకున్న మూడు శిఖరాలకూ ఇక్కడి నుంచే దండం పెట్టుకోవచ్చు. కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఇక్కడ ఆగినా వచ్చిన పని అయినట్టే. పక్కన ఒమోకరు రాయి ఉంది. కోరిక మనసులో అనుకుని దీపస్తంభం పైరాయి ఎత్తాలి. అనుకున్నదానికన్నా తేలిగ్గా అనిపిస్తే కోరిక తీరుతుంది, బరువనిపిస్తే కష్టమే. అది బాగా బరువైన రాయి. నడుము జాగ్రత్త!

అక్కడి నుంచి అరగంట మెట్లెక్కితే యోత్సుత్సుజి, నాలుగు దారుల కూడలి. క్యోటో నగరం కనిపించేది ఇక్కడే. శిఖరం మీద చుట్టూ చెట్లు తప్ప ఏమీ కనబడదు. ఈ సంగతి తెలియక, దృశ్యం కోసమని పైదాకా వెళ్ళి ఉసూరుమని దిగేవాళ్ళు చాలామంది. ఊరు చూడడానికైతే ఇక్కడ కూర్చోండి. పైన ఉన్నది వేరే.

[దృశ్యం: నాచు పట్టిన రాళ్ళు, వాటి ముందు బొమ్మల్లాంటి చిన్న తొరీలు.]

ఇవి ఒత్సుకాలు. భక్తులు తాము కొలిచే దేవుడి పేరు చెక్కించి నిలబెట్టిన రాళ్ళు. ఈ కొండ మీద వేలల్లో ఉన్నాయి. జనం పలచబడి, నీళ్ళ చప్పుడు వినిపించే ఈ పై భాగమే మా దృష్టిలో అసలైన ఇనారి.

కూడలి నుంచి పైన ఉన్నది గుండ్రటి దారి, ఎటు వెళ్ళినా మళ్ళీ ఇక్కడికే. కుడివైపు వెళ్తే సన్నోమినె, నినోమినె, ఇచినోమినె శిఖరాలు వరుసగా వస్తాయి, మెట్లు విడవకుండా. ఎడమవైపు మొదట సులువు, కళ్ళ కోసం మొక్కుకునే గన్‌రికి, ఆరోగ్యం కోసం మొక్కుకునే యకురికి మందిరాలు దారిలోనే వస్తాయి. కానీ శిఖరం ముందు నిటారు మెట్లు ఒక్కసారిగా మీద పడతాయి. మొదట తేలిగ్గా నడిచి, ఆ మెట్లు చివర్లో ఎక్కుదామంటే ఎడమ, ఆ మెట్లు దిగుదామంటే కుడి. వాన పడితే ఆ మెట్లు జారతాయి, అప్పుడు దిగడం కన్నా ఎక్కడమే నయం.

నీళ్ళ సీసా కిందే కొనుక్కోండి, పైకెళ్ళేకొద్దీ మెషీన్లో ధర పెరుగుతుంది. చెత్త మీ సంచీలోనే. ఎండాకాలం దోమలుంటాయి. రాత్రి అడవి పందులు తిరుగుతాయని హెచ్చరిక బోర్డులున్నాయి, చీకటి పడ్డాక యోత్సుత్సుజి దాటి ఒంటరిగా వెళ్ళకండి.

[దృశ్యం: దిగువ వీధి, ఇనారి సుషీ పళ్ళెం.]

దిగాక ఆకలేస్తుంది. ఇనారి సుషీ అంటే వేయించిన తోఫూ సంచిలో అన్నం. చూడ్డానికి పూర్తి శాకాహారమే. కానీ ఆ తోఫూను మామూలుగా దషిలో ఉడికిస్తారు, దషి అంటే ఎక్కువగా ఎండు చేప కాచిన నీళ్ళు. వేయించిన తోఫూ వేసిన నూడుల్స్, కిత్సునె ఉదోన్ పులుసు కూడా అంతే. చేప తిననివాళ్ళు "మాంసం ఉందా" అని అడిగితే లేదనే చెబుతారు. "కత్సువొ దషి ఉందా" అని అడగండి.